జాంబియా వార్డుల్లో 6 వారాలు: సూదికీ గాలికీ ముందే సిద్ధపడాలంటే?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంగ్లండ్‌లో మెడిసిన్ నాలుగో ఏడాది చదువుతున్నాను. ఇంకో నాలుగు నెలల్లో ఎలెక్టివ్ (మనం ఎంచుకున్న చోట చేసే శిక్షణ) కోసం జాంబియా తూర్పు ప్రాంతంలోని ఒక జిల్లా ఆసుపత్రికి 6 వారాలు వెళ్తున్నాను. 3 వారాలు మెడిసిన్ వార్డు, 3 వారాలు కాన్పుల వార్డు. అక్కడ హెచ్‌ఐవీ ఎక్కువట, మానుకోమని అమ్మానాన్న ఒకటే గొడవ. యూనివర్సిటీ వాళ్లు 5 రోజుల హెచ్‌ఐవీ మందుల కిట్ ఇస్తామన్నారు. అది సరిపోతుందా? సూది గుచ్చుకుంటే అప్పటికప్పుడు ఏం చేయాలి? ఇంకా ఏం పట్టుకెళ్లాలి? నాకు కళ్లద్దాలు ఉన్నాయి. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు వాడుతున్నాను. అక్కడి నుంచి నేరుగా ఇంటికి వచ్చి, సెలవులు గడిపి ఇంగ్లండ్ వెళ్తాను.

జవాబు: వెళ్లిరండి. అయితే మీ ఇంట్లో భయమంతా హెచ్‌ఐవీ సూది చుట్టూనే తిరుగుతున్నట్టుంది. ఆ వార్డులో మీకు దాదాపు రోజూ ఎదురయ్యేది టీబీ. సూది గుచ్చుకుంటే గుచ్చుకుందని తెలుస్తుంది, గంటలోపు మందు వేసుకోవచ్చు. ఇంకా ఎవరూ గుర్తుపట్టని టీబీ రోగి మంచం పక్కన అరగంట నిలబడి హిస్టరీ రాసుకుంటే మాత్రం ఆ రోజు మీకేమీ తెలియదు, అప్పటికప్పుడు మింగడానికి మాత్రా ఉండదు. కాబట్టి సిద్ధపాటులో సగం గాలికి కేటాయించండి.

ముందు అమ్మానాన్నలకు చెప్పాల్సిన లెక్కలు. జాంబియాలో పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది. అయినా చికిత్స తీసుకోని రోగి రక్తమున్న సూది చర్మంలో దిగినప్పుడు హెచ్‌ఐవీ అంటుకునే అవకాశం సగటున వెయ్యిలో 3. రక్తం కంట్లోనో నోట్లోనో చిందితే వెయ్యిలో 1 కంటే కొంచెం తక్కువ. గాయం లేని చర్మం మీద పడితే కడుక్కుంటే చాలు. చికిత్సలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రక్తంలో వైరస్ అదుపులో ఉంటుంది కాబట్టి వాళ్ల సూదితో ముప్పు ఇంకా తగ్గుతుంది. అదే హెపటైటిస్ బీ అయితే, టీకా పనిచేయని మనిషికి వందలో 30 దాకా అంటుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది హెచ్‌ఐవీ కిట్ కోసం తిరుగుతారు గానీ తమ హెపటైటిస్ బీ యాంటీబాడీ ఎంతుందో చూసుకోరు.

అందుకే మొదటి పని ఆ రిపోర్టు. మెడికల్ కాలేజీలో చేరినప్పుడు ఆక్యుపేషనల్ హెల్త్ (సిబ్బంది, విద్యార్థుల ఆరోగ్యం చూసే విభాగం) వాళ్లు పరీక్ష చేసే ఉంటారు. కాగితం అడిగి తీసుకోండి. యాంటీ-హెచ్‌బీఎస్ (ఆ యాంటీబాడీ పేరు) 100 దాటితే నిశ్చింత. 10కీ 100కీ మధ్య ఉంటే ఇంగ్లండ్ పద్ధతిలో ఇంకో డోసు వేస్తారు. 10 లోపుంటే కోర్సు మళ్లీ వేసి, నెల రెండు నెలలకు మళ్లీ పరీక్షించాలి. మీ దగ్గర 4 నెలల టైముంది కాబట్టి ఇప్పుడే మొదలుపెడితే కుదురుతుంది. చివరి వారంలో కుదరదు. టీకా పనిచేయనివాళ్లకు సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బీ ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కావాలి, జిల్లా ఆసుపత్రిలో అది ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఎంఎంఆర్ 2 డోసులు, చికెన్‌పాక్స్, మెనింజైటిస్ ఏసీడబ్ల్యూవై, టైఫాయిడ్, ధనుర్వాతం ఏ ఏడాది వేశారో ఒకే కాగితం మీద రాయించుకోండి. రేబిస్ టీకా ముందే వేయించుకుంటే మంచిది, కుక్క కరిచినప్పుడు ఇమ్యునోగ్లోబులిన్ కోసం పరుగెత్తాల్సిన పని తప్పుతుంది. కలరా సంగతి కూడా చూసుకోండి. 2023 చివర లుసాకాలో మొదలైన కలరా 2024లో 20 వేల మందికి పైగా సోకి, 700 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇక కిట్. 5 రోజుల కిట్‌తో పని పూర్తికాదు, అలాగని అది దండగా కాదు. హెచ్‌ఐవీ నివారణ మందుల కోర్సు 28 రోజులు. గుచ్చుకున్న గంట రెండు గంటల్లో మొదలుపెట్టాలి, ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకూడదు. 5 రోజుల మందు ఇచ్చేది ఈలోగా మిగతా 23 రోజుల మందు సంపాదించుకోవడానికో, విమానం ఎక్కడానికో. జాంబియాలో జిల్లా ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ క్లినిక్ ఉంటుంది, మందూ దొరుకుతుంది. శనివారం రాత్రి 2 గంటలకు ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందన్నదే అసలు ప్రశ్న. టికెట్ కొనకముందే అక్కడి కోఆర్డినేటర్‌కు మెయిల్ రాసి అడగండి: రాత్రిపూట ఈ మందు ఎవరు ఇస్తారు, రోగికి రాపిడ్ టెస్ట్ రాత్రి చేయగలరా, మిగతా 23 రోజుల మందు అక్కడే ఇస్తారా? యూనివర్సిటీని అడగాల్సింది ఇంకోటి: కోర్సు మధ్యలో తిరిగి రావాల్సి వస్తే టికెట్ డబ్బులు ఎవరివి? మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ఆసుపత్రి పనిలో గుచ్చుకున్న సూది వర్తించదు. వర్తిస్తుందన్న మాట పాలసీలో రాసి ఉండాలి. జవాబు సరిగా రాకపోతే 28 రోజుల మందు ముందే కొనుక్కుని వెళ్లమనే మా సలహా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే మందు టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఒకే మాత్రలో ఉంటాయి. రోజుకు ఒకటి. ఆఫ్రికాలో వాడే టీఎల్‌డీలో పెద్ద వాటా మన దేశపు కంపెనీలదే, హైదరాబాద్ అరబిందో, హెటెరో కూడా తయారుచేస్తాయి. అమ్మగారికి ఈ ముక్క చెప్పండి, కాస్త ధైర్యం రావచ్చు. ఇంగ్లండ్ కిట్‌లో వేరే మాత్రలు ఉండొచ్చు, రాల్టెగ్రావిర్ లాంటివి. అక్కడికెళ్లాక టీఎల్‌డీకి మారాల్సి వస్తే డాక్టర్‌కు రెండు పేర్లూ చూపించి మారండి, రెండూ కలిపి మింగకండి. కిట్‌ను విమానంలో చేతిసంచిలో పెట్టుకోండి. అక్కడ డ్యూటీకి వెళ్లేటప్పుడూ వెంట ఉండాలి. హాస్టల్ సూట్‌కేసులో ఉన్న మందు రాత్రి డ్యూటీలో అక్కరకు రాదు.

మీ ఐరన్ మాత్ర ఇక్కడే చిక్కు తెస్తుంది. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కు తాగే అల్యూమినియం-మెగ్నీషియం సిరప్పులు డోలుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టేసి రక్తంలోకి సరిగా చేరనివ్వవు. డోలుటెగ్రావిర్ వేసుకున్న 2 గంటల తర్వాతే ఐరన్ వేసుకోవాలి. ఐరన్ ముందు వేసుకుని ఉంటే 6 గంటలు ఆగాలి. ఆ 28 రోజులూ ఐరన్ ఆపేస్తే ఏమవుతుందో మీ డాక్టర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఆపొచ్చంటే అదే సుఖం. ఇంకో మాట: టెనోఫోవిర్ కిడ్నీ మీద భారం వేయగల మందు కాబట్టి ఆ నెలంతా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి పోకండి. నొప్పికి పారాసిటమాల్ చాలు.

గుచ్చుకున్న క్షణంలో చేయాల్సింది ఇది. చేతిలో పని సీనియర్‌కు అప్పగించి పక్కకు రండి. గ్లవ్ తీసి, పారే నీళ్ల కింద సబ్బుతో కడగండి. పిండకండి, చీకకండి, స్పిరిట్, బ్లీచ్ పోయకండి. పిండితే వైరస్ బయటికి వస్తుందన్నదానికి ఆధారం లేదు, కణజాలం మాత్రం దెబ్బతింటుంది. కంట్లో చిందితే సెలైన్‌తోనో మంచినీళ్లతోనో 10, 15 నిమిషాలు కడగాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే రోజైతే లెన్సుతో ఒకసారి, తీశాక ఇంకోసారి. తర్వాత టైము చూసి రాసుకోండి. రోగి రక్తపరీక్ష వచ్చాక చూద్దామని ఆగకండి. రోగికి హెచ్‌ఐవీ ఉందని తెలిసినా, ఉందో లేదో తెలియకపోయినా మొదటి మాత్ర వేసేసుకుని, ఆ తర్వాత మాట్లాడండి. రోగికి నెగెటివ్ అని తేలితే డాక్టర్‌తో మాట్లాడి ఆపేయొచ్చు. ఒక మాత్ర వల్ల పోయేదేమీ లేదు.

మాత్ర వేసుకున్నాక చేయాల్సినవి కొన్ని ఉంటాయి. రోగి అనుమతితో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు అడగాలి. హెచ్‌ఐవీ మందులు వాడుతున్న రోగి అయితే ఏ మందులు, ఎంతకాలంగా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న పరీక్ష) ఎప్పుడు చూశారు అన్నవి కార్డులో ఉంటాయి, ఫొటో కాకుండా చేత్తో రాసుకోండి. వాళ్ల వైరస్ ఆ మందులకు లొంగనిదైతే మీ మందు మార్చాలి. మీ రక్తం కూడా ఆ రోజే తీయించాలి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష, అవసరమైతే ప్రెగ్నెన్సీ టెస్ట్. ఆ తొలి రిపోర్టు లేకపోతే తర్వాత వచ్చిన పాజిటివ్ ఎక్కడ అంటుకుందో ఎవరూ తేల్చలేరు. సూది రకం, ఎంత లోతు దిగింది, దాని మీద రక్తం కనిపించిందా, అంతకుముందు అది రక్తనాళంలో ఉందా అన్నవి రాసి అదే రోజు యూనివర్సిటీకి మెయిల్ చేయండి. ఇవి ఉత్త ఫార్మాలిటీ కోసం అడిగేవి కావు. ఆసుపత్రి సిబ్బంది మీద జరిగి 1997లో అచ్చైన అధ్యయనంలో ముప్పు పెంచినవి సూది లోతుగా దిగడం, దాని మీద రక్తం కనిపించడం, అది రక్తనాళంలో ఉండి రావడం, వాటితోపాటు రోగి చివరి దశలో ఉండటం. ఒక్క జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు మాత్రమే వాడిన ఆ రోజుల్లోనే ముప్పు 81 శాతం తగ్గిందని అందులో తేలింది.

కోర్సు మధ్యలో వికారం, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. నిద్ర సమస్య అయితే మాత్ర పొద్దున వేసుకోండి. చాలామంది ఏమీ లేదులే అని పదో రోజుకే వదిలేస్తారు, అక్కడే చెడుతుంది. 28 రోజులూ పూర్తిచేయాలి. హెచ్‌ఐవీ పరీక్ష 6 వారాలకు, 3 నెలలకు. హెపటైటిస్ సీకి నివారణ మందు లేదు కాబట్టి 6 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, 3, 6 నెలలకు యాంటీబాడీ చూస్తారు. మూడో నెల హెచ్‌ఐవీ రిపోర్టు వచ్చేదాకా కండోమ్ తప్పనిసరి, హెపటైటిస్ పరీక్షలు కూడా ముగిసేదాకా రక్తదానం వద్దు.

అసలు గుచ్చుకోకుండా చూసుకోవడం దగ్గరికి వద్దాం. రక్తం తీసేటప్పుడు కంటే తీసిన తర్వాత ఎక్కువ గుచ్చుకుంటాయి. సూదికి మూత పెట్టబోయి, సూది పట్టుకుని వార్డు ఆ చివర ఉన్న డబ్బా దాకా నడుస్తూ, నిండిపోయిన డబ్బాలోకి తోయబోయి. కాబట్టి షార్ప్స్ బాక్స్ మంచం దగ్గరికి తెచ్చుకున్నాకే సూది విప్పండి. అట్టపెట్టె బాక్సులైతే ముప్పావు నిండగానే మూసేయించాలి, పక్కల నుంచి సూదులు పొడుచుకొస్తాయి, కింద చేయిపెట్టి ఎత్తకండి. మూత పెట్టక తప్పని పరిస్థితే వస్తే మూతను ట్రేలో ఉంచి, ఒక్క చేత్తో సూదిని అందులోకి జార్చి ఎత్తండి, రెండో చేయి వెనక్కి ఉండాలి. మెదడువాపుతోనో జ్వరంతోనో తెలివి తప్పి కదులుతున్న రోగికి ఒంటరిగా సూది పెట్టకండి. చేయి పట్టుకునే మనిషి దొరికేదాకా ఆగడమే పద్ధతి. పక్కబట్టలు సర్దబోయేముందు కాటన్ గుట్ట కింద కాన్యులా (రక్తనాళంలో పెట్టే గొట్టం) సూది మిగిలిపోయిందేమో చూడండి. గ్లవ్స్ సూదిని ఆపవు, కానీ సూది గ్లవ్‌లోంచి దూరేటప్పుడు దాని బయటి రక్తం చాలావరకు తుడుచుకుపోతుంది. అందుకని మీ సైజు నైట్రైల్ గ్లవ్స్ 100 ఉన్న పెట్టెలు రెండు పట్టుకెళ్లండి. అక్కడ ఒకటే సైజు దొరికి, వదులు గ్లవ్‌తో కాన్యులా పెట్టడం నరకం.

కాన్పుల వార్డులో కథ వేరు. అక్కడ ముప్పు చిమ్మే ఉమ్మనీరు, రక్తం. మీ కళ్లద్దాలు ముందు నుంచి వచ్చేదాన్ని ఆపుతాయేమో గానీ పక్కల నుంచి, కింద నుంచి ఆపవు. కళ్లద్దాల మీద పట్టే గాగుల్స్ రెండు కొనుక్కోండి, ఇంట్లో పెట్టుకుని చూసి, మసక పట్టనివి తీసుకోండి. ప్లాస్టిక్ ఏప్రన్, పాదం మొత్తం మూసే బూట్లు కావాలి, చెప్పులతో లేబర్ రూమ్‌లో అడుగుపెట్టొద్దు. మాయ చేత్తో తీయాల్సి వస్తే మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ ఉండాలి, అవి లేకపోతే మీరు చేయాల్సిన పని కాదది. ఎపిసియాటమీ (కాన్పులో పెట్టే కోత) కుట్లు వేసేటప్పుడు సూది కొన ఎటు వచ్చిందో వేలితో తడిమి చూస్తారు చూడండి, అక్కడే ఎడమచేతి చూపుడువేలికి గుచ్చుకుంటుంది. సూదిని ఫోర్సెప్స్‌తోనే పట్టుకోవాలి, వేళ్లతో కాదు. రెండు జతల గ్లవ్స్ వేసుకోండి, వెలుతురు చాలకపోతే హెడ్‌ల్యాంప్ పెట్టుకోండి. కరెంటు పోయే చోట హెడ్‌ల్యాంప్ కూడా రక్షణ సామగ్రే.

రాని పని చేయమన్నప్పుడు కాదనడం కష్టమే. సిబ్బంది తక్కువ, మిమ్మల్ని డాక్టరుగానే చూస్తారు. ‘నేను ఒంటరిగా ఇది చేయకూడదని మా యూనివర్సిటీ రూల్, మీరు చేస్తుంటే పక్కన సాయం చేస్తాను’ అనండి. తప్పు రూల్ మీదికి పోతుంది, మొహమాటం తగ్గుతుంది.

ఇక టీబీ. చికిత్స మొదలై కొన్ని వారాలైన టీబీ రోగితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా నిమోనియా అని, ‘జ్వరం, బరువు తగ్గడం’ అని రాసి జనరల్ వార్డులో పడుకోబెట్టిన మనిషితో. ఆకుపచ్చ సర్జికల్ మాస్కు దగ్గేవాళ్లకు పెట్టాల్సింది, మీకు పనికిరాదు. మీకు ఎఫ్‌ఎఫ్‌పీ2, ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా ఎన్95 కావాలి. ఇంగ్లండ్‌లోనే ఫిట్ టెస్ట్ చేయించుకుని, మీ ముఖానికి పట్టిన మోడల్‌నే కొనండి. అంచుల నుంచి గాలి లీకయ్యే మాస్కు ఏ గ్రేడుదైనా ఒకటే. పెట్టుకున్న ప్రతిసారీ రెండు అరచేతులూ మాస్కు మీద ఆనించి గట్టిగా ఊదండి, కళ్లద్దాలు మసకబారితే ముక్కు దగ్గర లీకవుతున్నట్టే. వాన, చెమటతో తడిసినా, పట్టీ సాగినా పారేయండి. బాగున్నదాన్ని కొన్ని పూటలు వాడొచ్చు, మధ్యలో కాగితపు కవరులో పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మపడుతుంది. మెడకు వేలాడదీయొద్దు. 3 వారాల మెడిసిన్ డ్యూటీకి 20 మాస్కులు, కాన్పుల వార్డుకు ఇంకో పది చాలు. ఆసుపత్రి నిల్వలోంచి తీసుకోకండి, వాళ్ల నర్సులకే చాలవు.

మాస్కు కంటే కిటికీ గొప్పది. పెరూలోని లిమా నగర ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రచురించారు: కిటికీలు, తలుపులు పూర్తిగా తెరిస్తే గదిలో గాలి గంటకు సుమారు 28 సార్లు మారింది, యంత్రాలతో నడిచే ఐసొలేషన్ గదుల్లో 12 సార్లు. ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలున్న పాతకాలపు వార్డులే అన్నింటికంటే మెరుగ్గా తేలాయి. వార్డులోకి అడుగుపెట్టగానే ఎదురెదురు కిటికీలు తెరవండి. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి ఆ వైపు నిలబడి రోగితో మాట్లాడండి. చలి పెరిగిన జూన్, జూలై నెలల్లో రోగుల బంధువులు కిటికీలు మూసేస్తారు, అదే అసలు చిక్కు, ఇంకో దుప్పటి అడిగి ఇప్పించి కిటికీ తెరిపించాలి. కళ్లె పరీక్షకు దగ్గించాల్సి వస్తే ఆరుబయటే, గదిలోనో మరుగుదొడ్డిలోనో కాదు. నడవగలిగిన రోగి హిస్టరీ వరండాలో తీసుకుంటే ఎవరికీ కష్టం లేదు. ఆ వార్డులో మాస్కు మీరొక్కరే పెట్టుకుంటే ఇబ్బందిగానే ఉంటుంది, దాన్నీ యూనివర్సిటీ రూల్ మీదికి నెట్టేయండి. అమ్మానాన్నలకు ఇంకో నిజం కూడా చెప్పొచ్చు: ప్రపంచంలో టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. ఇదే జాగ్రత్త ఇక్కడి హౌస్ సర్జన్లకూ అంతే అవసరం.

మలేరియాకు ఐరన్ మాత్ర మళ్లీ అడ్డమొస్తుంది. డాక్సీసైక్లిన్‌నూ ఐరన్ పట్టేస్తుంది, ఎండకు చర్మం కందిపోతుంది కూడా. మీకు అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ నయం: వెళ్లే ముందు ఒకట్రెండు రోజులు, ఉన్నన్నాళ్లూ, వచ్చాక 7 రోజులు, అంటే 6 వారాలకు 51 మాత్రలు. పరగడుపున కాదు, కొవ్వున్న భోజనంతోనో పాలతోనో. దోమతెర, ఒంటికి రాసుకునే దోమల మందు 50 శాతం డీట్ సాయంత్రం నుంచి. సెలవు రోజున కరీబా సరస్సులోనో, సరిహద్దు దాటి మలావీ సరస్సులోనో ఈత కొడదామని స్నేహితులు అంటారు. బిల్‌హార్జియా అనే పురుగు జబ్బు ఆ నీళ్లలోంచే వస్తుంది, ఒడ్డునే ఉండండి. రాత్రిపూట బస్సు, పికప్ వెనక ప్రయాణం వద్దు. ప్రమాదంలో రక్తం ఎక్కించుకునే పరిస్థితి వస్తే ఇప్పటిదాకా చెప్పినవన్నీ వృథా.

తిరుగు ప్రయాణం నేరుగా ఇంటికి అన్నారు. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా టికెట్ అయితే, అక్కడ ఎయిర్‌పోర్టు దాటి ఊళ్లోకి వెళ్లి రావడం వద్దు. ఆ నగరాలున్న ఇథియోపియా, కెన్యా లాంటి ఎల్లో ఫీవర్ దేశాల నుంచి 6 రోజులలోపు టీకా సర్టిఫికెట్ లేకుండా దిగినవాళ్లను ఇండియాలో 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఎందుకైనా మంచిదని టీకా వేయించుకుంటే వేసిన 10 రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు, తర్వాత జీవితాంతం చెల్లుతుంది.

ఇంటికొచ్చాక జ్వరం వస్తే, ఖమ్మంలో డాక్టర్‌కు మొదటి మాటగా జాంబియా పేరు చెప్పి అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. మాత్రలు మానకుండా వేసుకున్నా సరే. డెంగీ, టైఫాయిడ్ అని రెండు రోజులు గడిపితే ఫాల్సిపరం అనే ప్రమాదకర మలేరియా ఆగదు. టీబీకి, వెళ్లే ముందు ఒకసారి ఇగ్రా (టీబీ క్రిమి సోకిందో చెప్పే) రక్తపరీక్ష, తిరిగొచ్చిన 8 నుంచి 10 వారాలకు ఇంకోసారి. చిన్నప్పుడు బీసీజీ వేసుకున్నారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష మిమ్మల్ని తప్పుదోవ పట్టించవచ్చు. మొదటిది నెగెటివ్, రెండోది పాజిటివ్ అయితే ఛాతీ ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేలాక 3 నెలల రిఫాంపిసిన్-ఐసోనియాజిడ్ కోర్సు ఇస్తారు. రెండో పరీక్ష తేదీని ఇంగ్లండ్‌లోని ఆక్యుపేషనల్ హెల్త్‌లో వెళ్లే ముందే బుక్ చేసుకోండి.